అశోక్‌నగర్ చౌరస్తాలో పొయ్యెక్కిన గంజు

మా ఇంట్లో ఒంటి చెప్పు ఒకటి ఉంది. ఎడమ కాలిది. నీలం పట్టీ, మడమ దగ్గర అరుగుదల. దాన్ని పాత పేపర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టుకున్నాను. పెళ్ళయిన కొత్తలో నా భార్య బీరువా సర్దుతూ ఆ పొట్లం విప్పి చూసి, నగలు పెట్టుకునే చోట ఈ చెప్పేమిటని అడిగింది. లాఠీచార్జి అయ్యాక రోడ్డు మీద మిగిలేవి చెప్పులేనని, ఇది నారాయణగూడ ఫ్లైఓవర్ కింద దొరికిందని, ఎవరిదో తెలియదు గానీ ఆ పిల్లవాడు ఆ రోజు ఒంటి చెప్పుతోనే హాస్టల్‌కు నడిచి ఉంటాడని వివరంగా చెప్పాను. ఆమె అంతా ఓపిగ్గా విన్నది.

“రెండోది గూడ దొర్కితే చెప్పు. మా తమ్మునికి పంపిద్దాం,” అన్నది.

అంతే గానీ పారెయ్యలేదు. ఆ విషయంలో ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఇప్పటికీ బీరువా దులిపినప్పుడల్లా ఆ పొట్లాన్ని బయటికి తీసి, కింద దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది.

నేను పోగు చేసేవన్నీ ఇలాంటివే. విద్యార్థుల ఊరేగింపులు, ధర్నాలు, నిరాహార దీక్షలు అయిపోయాక రోడ్డు మీదో, హాస్టల్ గది మూలనో, ఎవరి రేకు పెట్టె అడుగునో మిగిలిపోయిన వస్తువులు. గుండుసూది తుప్పు మరక దిగిన కాగితం బ్యాడ్జీలు, అట్టపెట్టె చింపి చేసిన ప్లకార్డులు, నల్ల రిబ్బన్లు, నూనె వాసన ఇంకా వదలని కాగడా కర్ర, గొంతు పోయిన చేతి మైకు. నినాదాలిచ్చే ఒకాయన జేబులో వేసుకు తిరిగిన గొంతు బిళ్ళల డబ్బా కూడా ఉంది. మా కాలానికి ముందువి కొన్ని, మా కాలంవి ఎక్కువ, ఈ మధ్య పరీక్షలు వాయిదా వెయ్యమనీ నోటిఫికేషన్లు ఇవ్వమనీ అశోక్‌నగర్ పిల్లలు రోడ్డెక్కినప్పుడు దొరికినవి కొన్ని. ఈ కాలం ప్లకార్డులు తిప్పి చూడటం నాకు సరదా. ముందు వైపు ‘మాకు న్యాయం కావాలి’ అని ఉంటుంది. వెనక వైపు, ఏదో టెస్ట్ సిరీస్ పేపరు గనక, ‘కింది వాటిలో సరికానిది ఏది’ అని ఉంటుంది.

చిక్కడపల్లి సందులో నాకొక జిరాక్సు షాపు ఉంది. ఇంట్లో పట్టని సరుకంతా ఆ షాపు వెనక గదిలో ఉంటుంది. హాల్ టికెట్లు ప్రింటు తీసుకునే పిల్లలు ఆ గదిలోకి తొంగి చూస్తారు. “అన్నా, స్క్రాప్ బిజినెస్ గూడ ఉన్నదా?” అని ఒకడు అడిగాడు. వాడి హాల్ టికెట్టు కావాలని మసక మసగ్గా తీద్దామనుకున్నాను గానీ, పరీక్ష రాసేవాడి ఉసురు మనకెందుకని ఊరుకున్నాను.

నేను మంచి కోపిష్టిని. ఆ సంగతి నాతో నాలుగు నిమిషాలు మాట్లాడినవాళ్ళెవరైనా చెబుతారు. అయినా ఈ వస్తువుల కోసం తిరిగినప్పుడు ఎవరూ నన్ను ఉత్త చేతులతో పంపలేదు. బర్కత్‌పురాలో రిటైరైన లెక్చరరు గారు తన చదువుకునే రోజుల నల్ల బ్యాడ్జీ ఇచ్చి, చాయ్ తాగించి, గేటు దాకా వచ్చి, పోతూ పోతూ “జాగ్రత్త బాబూ, నా దగ్గర ఇంకోటి లేదు” అన్నారు. చౌరస్తా ఊడ్చే అమ్మ, ధర్నా అయిన మర్నాడు ప్లకార్డులు చెత్తబండిలో వెయ్యకుండా కరెంటు స్తంభానికి ఆనించి పెడుతుంది. “గివి పనికొస్తయా సారూ? చినిగినయి గూడ ఉంచాల్నా?” అని అడుగుతుంది. చినిగినవే ముందు కావాలంటాను. నవ్వుకుంటుంది గానీ ఉంచుతుంది. నా కోపాన్ని ఇంతమంది భరించి ఇంత మేలు చేశారంటే, మనుషుల మీద చాడీలు చెప్పే అర్హత నాకు లేనట్టే.

ఈ పనికి నేను పెట్టుకున్న నియమం ఒకటే. వచ్చిన వస్తువును వచ్చినట్టే ఉంచాలి. కడగకూడదు, తుడవకూడదు, అతికించకూడదు. బురద ఉంటే ఆ బురదే ఆ రోజు సాక్ష్యం. చొక్కా మీద నెత్తురు మరక ఉంటే దాన్ని సబ్బు చూడకూడదు. నా భార్యకు దుమ్ము పడదు, తుమ్ములొస్తాయి. “మీ ఉద్యమం ముక్కులకు వోతుంది,” అంటుంది. కిటికీ తెరుస్తాను గానీ నియమం మార్చను.

ఇప్పుడు చెప్పబోయే గంజు, అంటే పెద్ద వంట గిన్నె, ఆ నియమానికి సంబంధించినదే.

నేను ఈ పేటకు వచ్చింది ఉద్యోగం కోసం. ఊళ్ళో డిగ్రీ అయ్యాక గ్రూప్స్ రాస్తానని ఒక రేకు పెట్టె, ఒక దుప్పటితో అశోక్‌నగర్‌లో దిగాను. నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తుండగానే రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్నది. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో చదువు, సాయంత్రం చౌరస్తాలో నినాదాలు. చివరికి రాష్ట్రం వచ్చింది గానీ నాకు ఉద్యోగం రాలేదు. రెండిట్లో ఒకటన్నా వచ్చిందని మా నాన్న సర్దుకున్నాడు. నా గదిలోనే ఉన్న స్నేహితుడికి మాత్రం టీచరు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు వాళ్ళ ఊరికి దగ్గరి బడిలోనే లెక్కలు చెబుతున్నాడు. లెక్కల్లో వాడికంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చేవని వాడి పెళ్ళిలో వాడి మామకు కూడా చెప్పాను.

మా ఇద్దరినీ, మాలాంటి ఎందరినో ఆ రోజుల్లో బతికించింది ఒక మెస్. మెస్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. సందులో ఒక రేకుల గది, రెండు బల్లలు, గోడకు అటక, లోపల పొయ్యి. నడిపే ఆమెను అందరం అక్కా అనేవాళ్ళం. పాలమూరు నుంచి భర్తతో కలిసి కూలి పనికి వచ్చింది. ఆయన బిల్డింగుల మీద తాపీ పని, ఆమె అక్కడే మేస్త్రీలకు, కూలీలకు వంట. ఆ వాసనకు పక్క హాస్టళ్ళ పిల్లలు వచ్చి మాకు కూడా పెట్టమన్నారట. అలా మొదలైంది మెస్. అన్నం, పప్పు, పచ్చిపులుసు, ఆదివారం గుడ్డు. ఆమె దగ్గర ఒక దురలవాటు ఉండేది. చాలంటే వినదు. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పెడుతుంది.

ఉద్యమంలో వంటావార్పు అని ఒక పద్ధతి ఉండేది. రోడ్డు మీద రాళ్ళు పెట్టి, కట్టెలు ముట్టించి, అక్కడే వండి, అక్కడే బంతులుగా కూర్చుని తినడం. రాస్తారోకో అంటే పోలీసులు లేపేస్తారు. అన్నం ఉడుకుతుంటే లేపడానికి వాళ్ళకూ చెయ్యి రాదని మా నమ్మకం. ఒకసారి అశోక్‌నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టుకున్నాం. బియ్యం, కట్టెలు పోగయ్యాయి గానీ అంతమందికి సరిపడే గిన్నె లేదు. నేనూ నా స్నేహితుడూ అక్క దగ్గరికి పోయి ఆమె పెద్ద సిల్వర్ గంజు అడిగాం. ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు.

“మీరు వండితే పోలీసోల్లు గాదు, కుక్కలు గూడ ముట్టయి,” అని కొంగు నడుముకు చెక్కుకుని తనే వచ్చింది. ఉత్త అన్నం ఎందుకు, పండుగ లెక్క బగారన్నం చేద్దామన్నది. మసాలా, పుదీన తన ఇంట్లోవే తెచ్చింది. మెస్‌లో ఆ పూటకు ఉన్న బియ్యం కూడా గంజులో పోయించింది. నా స్నేహితుడి చేతికి గంటె ఇచ్చి, మెల్లగా తిప్పమని చెప్పి, మెతుకు విరిగితే చెయ్యి విరుగుతుందన్నది. చౌరస్తా అంతా బగారన్నం వాసన. పొద్దున్నుంచి ఎవరమూ ఏమీ తినలేదు. పాటలు పాడేవాళ్ళు కూడా చరణం మధ్యలో గంజు వైపు చూస్తున్నారు. అక్క మూత తీసి, ఇంకా జరసేపు ఆగమని చెయ్యి చూపింది.

ఆ జరసేపట్లోనే అయిపోయింది. వ్యాన్లు వచ్చాయి, ఈలలు మోగాయి, లాఠీలు లేచాయి, అందరం ఒక్కసారి లేచాం. ఎటు పరుగెత్తామో, ఎవరు ఎవరిని తోశారో గుర్తులేదు. గంజు పొయ్యి మీద నుంచి పల్టీ కొట్టి డివైడర్‌కు గుద్దుకున్న చప్పుడు మాత్రం గుర్తుంది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డంతా తెల్లగా, పొగలు కక్కుతూ అన్నం. ఆ అన్నం మీదే బూట్లు, చెప్పులు. అక్క డివైడర్ పక్కన నిలబడి ఉంది. అరవలేదు, ఏడవలేదు. మమ్మల్ని వ్యాను ఎక్కిస్తుంటే మా వైపు చూస్తున్నది.

సాయంత్రానికి వదిలేశారు. తిన్నగా మెస్‌కు పోయాం. తలుపు వేసి ఉంది. నేను ఆ పేటలో ఉన్నన్నాళ్ళలో మెస్ మూసి ఉండటం ఆ ఒక్క పూటే చూశాను. ఇద్దరం అరటిపండ్లు తిని పడుకున్నాం. మర్నాడు మామూలుగా తలుపు తీసింది, మామూలుగా వడ్డించింది. నిన్నటి గురించి మేం గొప్పలు చెప్పుకుంటుంటే మాత్రం లోపలికి పోయింది.

ఆ గంజు తర్వాత పొయ్యెక్కలేదు. అడుగంచున పెద్ద సొట్ట పడటంతో గ్యాసు పొయ్యి మీద కుదురుగా నిలవదు. అక్క దాన్ని కట్టెల మసితోనే అటక మీదికి ఎక్కించింది. చాలా ఏళ్ళ తర్వాత, అప్పటికే నేను ఈ వస్తువుల పిచ్చిలో పడ్డాను, ఆమె కోసం బియ్యం బస్తా దించడానికి అటకెక్కి దాన్ని చూశాను. గోనె పట్టాల వెనక, నల్లగా, ఒక పక్కకు ఒరిగి. మా రోజుల మొత్తానికి ఇంతకంటే పెద్ద గుర్తు ఇంకొకటి దొరకదని తెలుసు. మసి మీద చెయ్యి వెయ్యకుండా చూసి దిగాను. “అక్కా, అది నాకియ్యరాదు,” అంటే, “పాత గంజుతోని నీకేం పని, తిన్నవా లేదా?” అన్నది. పోయినప్పుడల్లా అడిగేవాణ్ణి. పోయినప్పుడల్లా తిన్నావా లేదా అనే అడిగేది.

ఈ ఏడాది ఆ రేకుల గదికి మూడింది. స్థలం యజమాని దాన్ని పడగొట్టి అయిదంతస్తుల హాస్టల్ కడుతున్నాడు. అక్కకు మోకాళ్ళ నొప్పులు, భర్త ముందే ఊరికి వెళ్ళిపోయాడు. నెలాఖరుకు మెస్ మూసి తనూ పోతానన్నది. సరిగ్గా అప్పుడే బాగ్ లింగంపల్లిలో ఒక హాలు వాళ్ళు, నా వస్తువులన్నీ ఒక ఆదివారం నలుగురూ చూసేలా పెట్టుకోమని అడిగారు. కిరాయి కూడా వద్దన్నారు. అలాంటి మాట నా జీవితంలో మొదటిసారి విన్నాను. ఆ రాత్రి నా భార్యకు చెబితే, “మరి అటునుంచి అటే ఉంచుకుంటరేమో అడుగు,” అన్నది.

బల్లలు ఎలా వేయాలో కాగితం మీద గీసుకున్నాను. నడి మధ్యలో ఒక బల్ల, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద ఆ గంజు. సొట్ట గుమ్మం వైపు ఉండాలి, లోపలికి అడుగు పెట్టినవాడికి మొదట అదే కనబడాలి. ఆ గంజు లేకపోతే మిగతాదంతా పాత సామానే అనిపించింది. అక్క ఊరికి పోయిందంటే అది పాత ఇనుము బండి ఎక్కుతుంది. మర్నాడే మెస్‌కు పోయాను.

“అక్కా, ఇప్పుడన్న గంజు ఇయ్యి. ఆదివారం బాగ్ లింగంపల్లిల పెడ్తున్న. అందరు చూస్తరు.”

చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆగింది. “అందరంటే ఎవలు?”

“అప్పటోళ్ళంత వస్తున్నరు. మన మెస్సుల తిన్నోళ్ళు. ఆ దినం చౌరస్తాల ఉన్నోళ్ళు గూడ.”

“నిజంగ వస్తరా?”

“అందరికి ఫోన్ చేసిన. గంటె తిప్పినోడు గూడ ఊరి నుంచి వస్తున్నడు.”

చింతపండు మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది. “ఇస్త తియ్యి,” అన్నది.

“గానీ అక్కా, ఉన్నది ఉన్నట్టె ఇయ్యాలె.”

“గంజు ఇచ్చే పద్ధతి నాకు తెల్వదా? నువ్వు నాకు చెప్తవా?”

శనివారం వచ్చి నేనే తీసుకుపోతానన్నాను. వద్దు, ఆదివారం తనే ఆటోలో తెస్తానన్నది. ఇన్నేళ్ళుగా కుదరనిది కుదిరిన సంతోషంలో నేను ఇంకేమీ ఆలోచించలేదు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు గిన్నెలు ఇచ్చి పుచ్చుకునే ఇళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి, ఒక ఆడమనిషి తన ఇంటి గిన్నెను నలుగురి ముందుకు ఎలా పంపుతుందో నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే హాలుకు చేరాను. నా భార్య తెల్లగుడ్డ ఇస్త్రీ చేసి తెచ్చింది, ఒంటి చెప్పును తనే గాజు పెట్టెలో పెట్టింది. జనం నేననుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. జుట్టు నెరిసినవాళ్ళు, పొట్ట పెరిగినవాళ్ళు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినవాళ్ళు. ప్లకార్డుల ముందు నిలబడి ఇది నేను రాసిందేనని ఒకరు, కాదు నాదని ఇంకొకరు కొట్లాడుకున్నారు. నాకు కడుపు నిండినట్టయింది. బర్కత్‌పుర లెక్చరరు గారు తన బ్యాడ్జీని చూసి నా భుజం తట్టారు. నా స్నేహితుడు బస్సు దిగి సరాసరి హాలుకే వచ్చాడు. అన్నీ ఒక్క చూపు చూసి, “గంజేదిరా?” అన్నాడు. అందరూ అదే అడుగుతున్నారు. నడిమి బల్ల ఖాళీగా ఉంది. నేను గేటుకూ బల్లకూ మధ్య తిరుగుతున్నాను.

మధ్యాహ్నం కావస్తుండగా ఆటో వచ్చింది. ముందు అక్క దిగింది. ఆదివారం పూట కట్టుకునే జరీ చీర. తర్వాత నా స్నేహితుడూ ఇంకొకరూ చెరో పక్క పట్టుకుని గంజును దించారు. మూత మీద గుడ్డ బిగించి కట్టి ఉంది. ఎండ దాని మీద పడి నా కళ్ళలోకి కొట్టింది.

తళతళలాడుతున్నది. మసి మచ్చుకైనా లేదు. బూడిద, ఇసుక వేసి ఎన్ని గంటలు తోమిందో, అంచు కింద గీతలు కూడా తెల్లబడ్డాయి. సొట్ట కోసం చుట్టూ తిరిగాను. లేదు. అడుగు గుండ్రంగా, అంగట్లోంచి అప్పుడే తెచ్చినట్టు ఉంది.

“నారాయణగూడ మార్కెట్ కాడ సొట్టలు తీసేటాయనకు ఇచ్చిన,” అన్నది అక్క సంతోషంగా. “మంచిగ తీసిండు గదా? ఏడున్నదో నాకే దొర్కుతలేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చినప్పుడు నాకు కోపం కూడా వస్తుంది. “ఏం జేసినవక్కా! ఆ సొట్ట కోసమే గద నేనడిగింది. ఉన్నది ఉన్నట్టు ఇయ్యమన్న గద!” గొంతు కాస్త పెద్దదే అయింది. హాల్లో వాళ్ళంతా గుమ్మం దగ్గరికి వచ్చారు.

అక్క బెదరలేదు. “నలుగురు చూసేకాడ నల్లటి సొట్ట గంజు పెట్టుమంటవా? చూసినోళ్ళు నన్ను ఏమనాలె? నీ పరువు వోతే నీ ఇష్టం, నాది ఎందుకు తీస్తవు?”

“అది లాఠీచార్జిల పడ్డ సొట్టక్కా. చరిత్ర!”

“లాఠీ అంటవు నువ్వు. నాకైతే మీ కాళ్ళే కనవడ్డయి. గంజును తన్నుకుంట ఉరికింది మీరే.”

ఎవరో కిసుక్కున నవ్వారు. నా స్నేహితుడే. నేను నవ్వలేదు. నా నడిమి బల్ల, నా తెల్లగుడ్డ, నేను ఇన్నేళ్ళు అటక కింద నిలబడి అడిగిన వస్తువు, అన్నీ ఆ మెరుపులో కొట్టుకుపోయాయి. ఇక ఇది బజార్లో దొరికే ఏ గంజుతోనైనా సమానమే అనిపించింది. పక్కకు పోయి గోడకు ఆనుకున్నాను.

అక్క గంజును హాల్లోకి మోయించి, కట్టు విప్పి మూత తీసింది.

ఆవిరి లేచింది. బిర్యానీ ఆకు, పుదీన, లవంగం. హాలంతా ఆ వాసన. నేను చెప్పక్కర్లేదు, ఆ రోజు చౌరస్తాలో ఉన్నవాళ్ళందరికీ అది ఎక్కడి వాసనో తెలుసు.

“ఉత్త గంజు చేతుల వెడ్తరా ఎవలన్న?” అన్నది అక్క, నన్నే చూస్తూ. “ఇచ్చే గిన్నె నిండుగ ఇయ్యాలె. మీ అమ్మ నేర్పలేదా? కూసోండ్రి అందరు. ఇస్తరాకులు ఆటోల ఉన్నయి, బకెట్ల ఆలుగడ్డ కూర ఉన్నది.”

అందరికంటే ముందు నా స్నేహితుడు కింద కూర్చున్నాడు. గంటె తిప్పినవాడు, ఆ అన్నం రుచి చూడనివాడు. వాడి పక్కన ఇంకొకరు, ఆ పక్కన లెక్చరరు గారు పంచె సర్దుకుని. హాల్లో తినకూడదని చెప్పడానికి వచ్చిన వాచ్‌మన్‌ను అక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. బల్లల మధ్య రెండు బంతులు తిరిగాయి. నా భార్య చెంగు దోపుకుని కూర వడ్డిస్తున్నది. తుమ్ములు లేవు. అక్క గంజు పక్కన వంగి, గంటెడు తర్వాత గంటెడు, చాలన్నవాళ్ళ చేతి మీదే పెట్టుకుంటూ పోయింది.

బంతి చివర గోడకు ఆనుకుని ఉన్న నా దగ్గరికి వచ్చింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఒక నిమిషం ఊపిరి తీసుకున్నది.

“అలిగినవా తమ్మి?”

మొహం నడిమి బల్ల వైపు తిప్పుకున్నాను.

“నువ్వు సొట్ట సొట్ట అంటవు. అటక దిక్కు చూసినప్పుడల్ల నాకు కనవడ్డది అది గాదు. రోడ్డు మీద పడ్డ బువ్వ కనవడ్డది. పొద్దుగాల నుంచి ఏం తినని పోరగాండ్లు. మూత తీసి, జర ఆగుండ్రి అన్నది నేనే. ఆగకపోతే తలా బుక్కెడన్న తింటుంటిరి గదా.” గంటె గంజు అంచుకు ఆనించింది. “అందరు వస్తరంటివి. ఊరికి పొయ్యే ముందల, ఆ బువ్వ మీకు పెట్టి పోదామనుకున్న. నువ్వొక్కనివి నిలవడితే ఎట్ల?”

ఆ రోజు గురించి నేను చాలా మందిని అడిగాను. ఎవరు ఏ నినాదం ఇచ్చారు, ఏ వ్యాన్లో ఎక్కారు, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలింది అన్నీ అడిగాను. అక్కను మాత్రం గంజు ఇమ్మని తప్ప ఏమీ అడగలేదు. ఆమె మాత్రం కనబడినప్పుడల్లా తిన్నావా అని అడిగింది. నా స్నేహితుడు పక్కకు జరిగి చోటు చూపించాడు. కూర్చున్నాను. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. అన్నం పొడిపొడిగా, వేడిగా, మెతుకు విరగకుండా ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మసాలా ఘాటని ఎవరూ అడగకుండానే చెప్పాను. నా స్నేహితుడు కూడా అదే చెప్పాడు.

నా నియమం ఆ రోజుతో పోయిందని అనను. ఒంటి చెప్పును ఇప్పటికీ తుడవను. కానీ ఒకరి చేతి నుంచి ఏదైనా తీసుకునేటప్పుడు, ఆ వస్తువులో నేను చూస్తున్నదేమిటో చెప్పే ముందు, వాళ్ళు చూస్తున్నదేమిటో అడుగుతున్నాను. గంజు మా వంటింట్లో ఉంది. నా సామానంతట్లో నా భార్య మెచ్చుకున్నది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్ళంతా తిన్నారు. పక్క ఇళ్ళ నుంచి ఎవరో తమ పిల్లల్ని కూడా పిలుచుకొచ్చారు. వాచ్‌మన్ రెండోసారి కూర్చున్నాడు. అందరూ చేతులు కడుక్కున్నాక చూస్తే, అక్క ఖాళీ అయిన బంతి చివర గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. గంజు అడుగున కాస్త మాడు, కొంత అన్నం మిగిలాయి. మెస్‌లో అన్నేళ్ళు తిన్నాను. ఆమె తినగా ఒక్కసారైనా చూసినట్టు నాకు గుర్తులేదు.

ఒక ఆకు తెచ్చి ఆమె ముందు పరిచాను. గంటె నేను పట్టుకున్నాను. అలవాటు లేని చెయ్యి, రెండు మెతుకులు ఆకు పక్కన పడ్డాయి. కొంచెం పెట్టి ఆగాను, ఆమె వద్దంటుందేమోనని.

అక్క ఆకు వైపు చూసి, తలెత్తి నా వైపు చూసింది.

“జర ఎక్కువనే పెట్టు తమ్మి,” అన్నది. “ఆకలైతుంది.”